తీగలేని స్క్రూడ్రైవరు పూర్వకథ

నంద్యాల నుండి నల్లమల దాటి గిద్దలూరు పోయే బాట కొండను నేరుగా ఎక్కదు. మెలికలు తిరుగుతూ, దూరం పెంచుకొని, ఎక్కుడు తగ్గించుకొని పోతుంది. నిటారుగా ఎక్కలేని బరువు బండి ఈ వాలుదారి మీద ఎక్కగలదు. ఇటువంటి దారినే ఒక ఇనుప కడ్డీ చుట్టూ చుట్టినామనుకోండి, అదే మర. కాలువ తూము దగ్గర ఒక్క మనిషి మర త్రిప్పి, నీటి ఒత్తిడికి బిగిసిన ఇనుప తలుపును పైకెత్తగలగటం ఈ సూత్రం వల్లనే. బీరువా కీలుకు బిగించే అరంగుళం స్క్రూ కూడ ఈ వంశంలోనిదే. దానిని త్రిప్పటానికి నేడు ఒక చేతిలో ఇమిడే విద్యుత్ పనిముట్టు వచ్చినది. మీట నొక్కితే చాలు, తీగ అక్కరలేదు.

నీరు తోడే మరకు ఆర్కిమిడీస్ పేరు ఉన్నది. అనగా క్రీస్తు పూర్వం 3వ శతాబ్ది నాటికే మర లోకానికి తెలుసు. కాని రెండు వస్తువులను కలిపి బిగించే చిన్న స్క్రూ యూరపులో 15వ శతాబ్దిలో గాని కనబడదు. ఇంత ఆలస్యమెందుకు? ఒక్కొక్క స్క్రూ మీద గాడిని ఆకురాయితో రాచి చేతితో తీయవలసి రావడమే కారణం. అలా తీసినవి ఏ రెండూ ఒక్క తీరుగా ఉండేవి కావు. కవచాలకు, తుపాకులకు తప్ప ఇంత శ్రమ ఎవరు పడతారు? మన వడ్రంగి బాడిస, ఉలి, బరమాలతో చెక్కలో చెక్క కూర్చి, వెదురు మేకు దిగగొట్టి తలుపు నిలబెట్టేవాడు. స్క్రూ లేని లోటు ఆ తలుపులలో కనబడదు.

1760లో ఇంగ్లండులో జాబ్, విలియం వయట్ సోదరులు స్క్రూలు కోసే యంత్రానికి పేటెంటు పొందారు. 1800 ప్రాంతంలో హెన్రీ మాడ్‌స్లే తన లేతు యంత్రంపై గాడిని ఒకే కొలతకు తీయటం సాధించాడు. ఆయన వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరొక అడుగు వేశాడు. కార్ఖానాలన్నీ గాడిని 55 డిగ్రీల కోణంతోనే తీయాలని, ఏ లావు బోల్టుకు అంగుళానికి ఎన్ని చుట్లు ఉండాలో ముందే నిర్ణయించుకోవాలని ఆయన ప్రతిపాదించాడు. అంతకు పూర్వం ఒకచోట చేసిన బోల్టుకు మరొకచోటి నట్టు పట్టేది కాదు. యంత్రంలో ఒక్క బోల్టు పోతే అది పుట్టిన కార్ఖానాకే కబురు పంపాలి. దూరాన ఉన్న ఊరివానికి మరమ్మతు అందని పని. పాఠ్యపుస్తకాలలో విట్‌వర్త్ పేరు జేమ్స్ వాట్ పేరంత పెద్దగా కనబడదు, కనబడవలసినదే.

ఇక స్క్రూ తల సంగతి. ఒంటిగాడి తలలో స్క్రూడ్రైవరు మొన జారి చెక్కను, ఒక్కొక్కప్పుడు చేతిని గీస్తుంది. కెనడా దేశస్థుడు పీటర్ రాబర్ట్‌సన్ 1908లో చదరపు గుంట గల తలను రూపొందించాడు. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ వ్యాప్తికి తెచ్చిన ప్లస్ గుర్తు తల 1936లో కాడిలాక్ కార్ల తయారీలోకి చేరినది. ఇందులో మొన తనంతట తానే నడుమకు వచ్చి కుదురుతుంది. యంత్రంతో త్రిప్పటానికి ఇది ఎంతో అనుకూలించినది.

పిస్తోలు వంటి పిడి, మీట గల విద్యుత్ డ్రిల్లుకు బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ 1917లో పేటెంటు పొందినది. 1961లో అదే సంస్థ నికెల్-కాడ్మియం బ్యాటరీతో తీగలేని డ్రిల్లును తెచ్చినది. ఇవి చంద్రయాత్ర కోసమే పుట్టాయని చెప్పుకోవడం కద్దు, అది సరికాదు. వ్యోమగాముల అవసరాలు తరువాత వచ్చినవి. అంతరిక్షంలో తేలే మనిషి బోల్టును ఒకవైపు త్రిప్పితే, న్యూటన్ మూడవ నియమం ప్రకారం తాను రెండవవైపు తిరుగుతాడు. అందుచేత జెమిని యాత్రలకు ఈ ప్రతిచర్య లేని ప్రత్యేక పనిముట్టును చేయవలసి వచ్చినది. నేల మీద ఆ ప్రతిచర్యను మన మణికట్టు, కాళ్ళు ఓర్చుకొంటాయి గనుక దానిని గమనించము. 1971లో అపోలో 15 వ్యోమగాములు బ్యాటరీ డ్రిల్లుతో చంద్రుని నేలను తొలిచారు.

ఇంటిపనికి ఈ పనిముట్టు నిజంగా ఉపయోగపడినది లిథియం ఘటం వచ్చిన తరువాతనే. నికెల్-కాడ్మియం ఘటం ఇచ్చేది 1.2 వోల్టులు, మూడింటిని కలిపితే గాని 3.6 వోల్టులు రావు. లిథియం ఘటం ఒక్కటే అంత ఇస్తుంది. అంతకన్న ముఖ్యమైనది మరొకటి కలదు. నికెల్-కాడ్మియం బ్యాటరీ ఊరకే ఉంచినా త్వరగా నీరసిస్తుంది. ఇంట్లో స్క్రూడ్రైవరు పని నెలకొకసారి తగులుతుంది. సరిగ్గా అప్పుడే అది తిరగదు! లిథియం ఘటం నెలల తరబడి శక్తిని నిలుపుకొంటుంది. ఈ ఘటాలు 1991లో బజారుకు వచ్చినవి. 2003లో బాష్ సంస్థ వీటితో చిన్న స్క్రూడ్రైవరును తయారుచేసినది. లిథియం ఘటాలపై కృషికి గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే శాస్త్రవేత్తలు 2019లో నోబెల్ బహుమతి పొందారు.

లోపలి మోటారు చిన్నది, వేగం ఎక్కువ. పండ్ల చక్రాలు ఆ వేగాన్ని తగ్గించి త్రిప్పే బలాన్ని పెంచుతాయి. ఆ బలం సుమారు 3 నుండి 5 న్యూటన్-మీటర్లు ఉంటుంది. పావు మీటరు కడ్డీ కొసన 2 కిలోల బరువు వ్రేలాడదీస్తే కలిగేది దాదాపు 5. కీళ్ళు, గడియలు, స్విచ్చిబోర్డు మూతలు బిగించటానికి ఇది చాలు. స్విచ్చిబోర్డు జోలికి పోయేముందు మాత్రం మెయిన్ ఆపటం మరువరాదు.

బేతంచెర్ల నాపరాయి పరచిన ఇండ్లలో ఈ పనిముట్టు ఒంటరిగా పనికిరాదు. రాయి స్క్రూకు చోటివ్వదు. సుత్తివలె మోదుతూ తిరిగే పెద్ద డ్రిల్లుతో ముందు రంధ్రం చేసి, అందులో బిరడా దిగగొట్టాలి. పూర్వం కొయ్య ముక్క దిగగొట్టేవారు. 1958లో జర్మనీలో ఆర్తుర్ ఫిషర్ నైలాన్ బిరడాను కనిపెట్టాడు. స్క్రూ దిగేకొద్దీ అది విచ్చుకొని రాతిని లోపలి నుండి ఒరుసుకొంటుంది. చిన్న స్క్రూడ్రైవరు పని ఆ తరువాతనే.

ఆళ్ళగడ్డ శిల్పి విగ్రహానికి కన్ను తీర్చేటప్పుడు దెబ్బ ఎంత ఉండాలో మణికట్టు చెబుతుంది. స్క్రూ బిగించటంలోను అంతే. బిగువు చాలిందని చేయి గ్రహిస్తుంది, మోటారు గ్రహించదు. ఆగకుండా త్రిప్పితే చెక్కలోని గాడి నుసి అయిపోయి స్క్రూ ఊరకే తిరుగుతుంది. ఇందుకోసం కొన్ని పనిముట్లలో క్లచ్ అమర్చారు. ముందుగా నిర్ణయించిన బలం రాగానే అది జారిపోయి, టకటకమని శబ్దం చేస్తుంది. మెత్తని చెక్కకు ఏ అంకె, గట్టి టేకుకు ఏ అంకె పెట్టాలో ఒక పాత చెక్కముక్క మీద చూచుకొని నేర్చుకోవలసినదే. క్లచ్ లేనిదైతే చివరి అరచుట్టు మీట వదలి చేతితో బిగించటం మేలు.