ఎన్ని గంటలు సరే, ఏ గంటలు?

బొంబాయి మిల్లుల్లో మనవాళ్ళని నేత విభాగంలోకి రానివ్వలేదు. నాడెలోకి దారాన్ని నోటితో పీల్చాలి కదా, అంటు! మనకి దక్కింది జీతం తక్కువుండే రింగ్ స్పిన్నింగ్. ఇవాళ ఆ మిల్లుల గడియారం గురించి.

19వ శతాబ్దం చివర్లో కరెంటు దీపాలు వచ్చాక పొద్దుగూకినా మిల్లు ఆగలేదు. పని 14, 15 గంటలదాకా సాగింది. చట్టం మెల్లగా వెంటపడింది. జౌళి మిల్లుల్లో మగవాళ్ళకి 1911లో 12 గంటలు, 1922లో 11, 1934లో 10.

ప్రతి మే డేకీ మన గ్రూపుల్లో ఒక పోస్టు తిరుగుతుంది, 1942లో బాబాసాహెబ్ 14 గంటల పనిని ఒక్కరోజులో 8కి దించారని. అప్పటికే చట్టంలో ఉన్నది 10 గంటలు. లేబర్ మెంబరుగా ఆయన తెచ్చిన 1946 సవరణ వారానికి 54 గంటల్ని 48కి, రోజుకి 10ని 9కి దించింది. వారానికి ఆరు గంటలు కూలి ఒంటికి తిరిగొచ్చాయి. అది చిన్న విషయమా? దానికి 14 అనే అంకె అతికించక్కర్లేదు.

అయితే ఆ చట్టం ఎక్కువగా లెక్కపెట్టింది ఎన్ని గంటలన్నది. ఏ గంటలన్నది ఆడవాళ్ళ, పిల్లల విషయంలోనే పట్టించుకుంది. ఒంటికి మాత్రం పగటి ఎనిమిది, రాత్రి ఎనిమిది ఒకటి కావు. రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకి పగలు పట్టే నిద్ర మామూలుకంటే గంట నుంచి నాలుగు గంటలు తక్కువ. నిశ్శబ్దంగా, చీకటిగా ఉండే గదిలో కూడా పగటి నిద్ర తగ్గుతుంది. రేకుల కప్పు కింద ఒంటిగదిలో, పిల్లలూ నీళ్ళ ట్యాంకరూ మధ్య ఎంత పడుతుంది? నిద్ర తగ్గితే రోగాన్ని ఆపే శక్తి తగ్గుతుంది, జలుబు కూడా తొందరగా అంటుకుంటుంది. ఏళ్ళతరబడి సాగితే షుగరు, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లో రాత్రి షిఫ్టుని 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో చేర్చింది, 2019లో మళ్ళీ చూసి అక్కడే ఉంచింది.

డెన్మార్క్‌లో ఏళ్ళపాటు రాత్రి పనిచేసి రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళకి పరిహారం ఇచ్చారు. 2025 దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్ తెరిచి చూడండి. సీసం విషం ఉండేది, సిలికోసిస్ ఉండేది, మిల్లు పత్తి ధూళితో వచ్చే బిసినోసిస్ ఉండేది. రాత్రి పని తెచ్చే జబ్బు ఒక్కటీ ఉండేది కాదు. రాత్రిళ్ళు రోడ్లూడ్చే అక్కలు, ఆస్పత్రి వార్డుల ఆయాలు ఆ చట్టం పరిధిలోకే వచ్చేవారు కాదు. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 నుంచి 10 గంటలకి పెంచడానికీ, ఆడవాళ్ళ రాత్రి షిఫ్టుకీ ఒకేసారి ఒప్పుకుంది.