పెన్న ఒడ్డున అచ్చు అక్షరం – అందులో మన పేరు

కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కి దిగితే నెల్లూరు. మన తాతల కాలంలో పత్రిక అంటే ఏటి అవతల అచ్చయి, ఇవతల టీ అంగట్లో ఒకరు చదివితే పదిమంది వినేది. ఆ పదిమందిలో మనవాళ్ళు ఉన్నా దూరంగా నిలబడి విన్నవాళ్ళే.

నెల్లూరు పాత పత్రికల్లో పేరున్నది 'అముద్రిత గ్రంథ చింతామణి'. 1885లో పూండ్ల రామకృష్ణయ్య గారు మొదలుపెట్టారు. తాటాకుల్లో మిగిలిపోయిన కావ్యాలను అచ్చులోకి తేవడం దాని పని. మన పాటలు, మన వేరు మందులు తాటాకు దాకా కూడా పోలేదు. ఇక అందులోకి ఎట్లా వస్తాయి?

తర్వాత చెప్పుకోవలసింది 'జమీన్ రైతు' వారపత్రిక. వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంలోంచి 1930 ప్రాంతంలో పుట్టింది. సంపాదకులు నెల్లూరు వెంకట్రామానాయుడు గారు. జిల్లా పత్రిక అంటే భయపడేది కాదు, భయపెట్టేది అని పేరు తెచ్చింది. ఆ పేరు ఒకసారి మెల్లగా చదవండి: జమీన్, రైతు. మన యానాదికి జమీనూ లేదు, రైతు అన్న పిలుపూ లేదు. రైతు చేలో ఎలుకలు పట్టాడు, రాత్రి కాపలా కాశాడు, చెరువులో చేపలు పట్టాడు. శిస్తు కట్టేవాడి గొడవకు పత్రిక దొరికింది. కాపలా కాసేవాడి గొడవకు దొరకలేదు.

దీనికి తోడు చట్టం ఒకటి. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ జాబితాకెక్కినవాళ్ళు ఠాణాలో హాజరు వేయించుకోవాలి. కావలి వైపు కప్పరాళ్ళతిప్పలో సెటిల్‌మెంటే పెట్టారు. పల్లె నుంచి వార్త పట్నానికి ఎట్లా పోతుంది? ఎక్కువగా ఠాణా నుంచి, కచేరీ నుంచి. ఠాణా చెప్పేది ఒకవైపు మాటే. కాబట్టి పాత సంచికలో 'యానాది' అన్న మాట కనిపిస్తే, ఆ వార్త ఎవరు చెప్పింది అని ముందు అడగండి.

మన పక్షాన కలం పట్టినవారు లేకపోలేదు. వెన్నెలకంటి రాఘవయ్య గారు మన గూడేలు తిరిగి, సంఘం కట్టించి, 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకమే వేశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన ఋణం తీరేది కాదు. అయినా అది మన గురించి మరొకరు రాసినదే.

పల్లె ఆడవాళ్ళ మాట వాళ్ళ నోటిగానే పత్రికకెక్కింది సారా ఉద్యమంలో. 1992లో దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. అప్పటికి పెద్ద పత్రికలకు జిల్లా పేజీలు వచ్చేశాయి. 'ఈనాడు' ఉద్యమానికి ప్రత్యేకంగా చోటిచ్చింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. మా పల్లెలో జరిగింది మా పల్లె పేరుతోనే పేపర్లో చదవడం, అదీ మంచి వార్తగా, చాలామందికి అదే మొదటిసారి.

2011 లెక్కల్లో మనం 5 లక్షలకు పైగా ఉన్నాం. పాత కాగితాలు మాత్రం పొట్లాలకూ చెదలకూ పోతున్నాయి. 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు ఇంకా భద్రంగా ఉన్నాయి. వెళ్ళగలిగినవాళ్ళు మూడు చోట్ల వెతకండి: మద్రాసులో ఆ చట్టం రద్దయిన 1947, దేశమంతటా రద్దయిన 1952 ఆగస్టు 31, ఆ తర్వాత రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట యానాదులను దీవి దాటించిన 1969–71 రోజులు. తేదీ, పేజీ రాసుకోండి. ఆ ముక్కను మీ కాలనీలో పెద్దవాళ్ళకు చదివి వినిపించి, "ఇట్లాగే జరిగిందా తాతా?" అని అడిగి, వాళ్ళు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి.