జెత్రో చావు, జో పరుగు

గెలిచిన యుద్ధం మీద కథ చెప్పడం కంటే ఓడిపోయిన యుద్ధం మీద చెప్పడం తేలిక. గెలిచినవాణ్ణి ఎవరి నేల గెలిచావని అడగవచ్చు. కోటలో చిక్కుకుని ఆఖరి మనిషి దాకా చచ్చినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. బొబ్బిలి కథ విని పెరిగినవాళ్ళం మనం. 1757లో ఆ కోటలో జరిగినదాన్ని కథకుడు చెబుతుంటే గొంతు పట్టేస్తుందే గాని, జమీందారుల తగువులో సేద్యగాడికి ఒరిగేదేమిటన్న ప్రశ్న ఆ పూట మనకు తోచదు. ఈ సంగతి తెలిసినవాణ్ణే కనుక, జాన్ వేన్ 1960లో తీసిన 'ది అలమో' చూడడానికి కొంత జాగ్రత్తగానే కూర్చున్నాను. అయినా ఒకచోట నా కళ్ళు తడిశాయి. ఆ తడి గురించే ఈ వ్యాసం.

ముందు కథాస్థలం. 1836 నాటికి టెక్సాస్ మెక్సికోలో భాగం. అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన వలసదారులు మెక్సికో ప్రభుత్వం మీద తిరగబడ్డారు. శాన్ ఆంటోనియోలో పాతబడిన క్రైస్తవ మఠం అలమో. దాని గోడల మధ్య రెండు వందల మందికి అటూ ఇటూగా చేరారు. మెక్సికో అధ్యక్షుడు, సైన్యాధిపతి శాంతా అన్నా ఫిబ్రవరి 23న ముట్టడి వేశాడు. మార్చి 6 తెల్లవారుజామున కోట పడింది, పోరాడినవాళ్ళలో దాదాపు అందరూ చచ్చారు. ఏడు వారాలు తిరక్కుండా, ఏప్రిల్ 21న, శాన్ జసింటో వద్ద శాంతా అన్నా ఓడిపోయి, మర్నాడు పట్టుబడ్డాడు. టెక్సాస్ ప్రత్యేక రిపబ్లిక్ అయింది, 1845లో అమెరికాలో కలిసింది.

ఈ ముట్టడిని వేన్ మూడు గంటలకు పైబడిన చిత్రంగా తీశాడు. నిర్మాత తనే, దర్శకుడు తనే, డేవీ క్రాకెట్ వేషమూ తనదే. బ్రాకెట్‌విల్ దగ్గర మట్టి ఇటుకలతో కోటనే కట్టించాడు. కమ్యూనిస్టు వ్యతిరేకత కోసమే హాలీవుడ్‌లో పుట్టిన ఒక సంఘానికి కొన్నేళ్ళు అధ్యక్షుడుగా ఉన్న మనిషి ఆయన. క్రాకెట్ నోట రిపబ్లిక్ అన్న మాట గురించి ఉపన్యాసం పలికించినప్పుడు ఆయన ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నాడో వేరే చెప్పనక్కరలేదు. ఆ విషయం చాలామంది రాశారు. నేను దాని జోలికి పోను.

నన్ను పట్టుకున్నది జెత్రో. జిమ్ బోయీకి బానిసగా ఉన్న ముసలివాడు. చావు ఖాయమని తెలిశాక బోయీ అతనికి విడుదల కాగితం ఇచ్చి వెళ్ళిపొమ్మంటాడు. నేను స్వతంత్రుణ్ణయితే ఉండాలో పోవాలో నిర్ణయించుకునే హక్కు నాదే కదా అన్న ధోరణిలో మాట్లాడి జెత్రో ఉండిపోతాడు. కోట పడిన రోజున మంచం పట్టిన బోయీ మీదికి బాయ్‌నెట్లు దూసుకొస్తే తన ఒంటిని అడ్డం పెట్టి చచ్చిపోతాడు. నా కళ్ళు తడిసింది ఇక్కడే.

మరుసటి వారం నుంచి, దొరికిన పుస్తకాలు ముందేసుకుని జెత్రో ఎవరని వెతికాను. అలాంటి మనిషి లేడు. బోయీకి శామ్ అనే బానిస ఉన్నాడనీ, అతను ముట్టడి నుంచి బతికి బయటపడ్డాడనీ ఒక కథనం ఉంది. ఆపైన అతని జాడ చరిత్రలో లేదు. ఇక బోయీ సంగతి. 1820కి ముందు వెనకల్లో అతనూ అతని అన్నదమ్ములూ సముద్రపు దొంగ జాన్ లఫీట్ వద్ద బానిసలను కొని లూసియానాలోకి దొంగతనంగా తోలి డబ్బు గడించినవాళ్ళు. విడుదల కాగితం ఇచ్చే చెయ్యి అతనిది కాదు.

అసలు ఈ యుద్ధంలో బానిసల ప్రసక్తి ఎంతవరకు ఉంది? సినిమా దాన్ని ముట్టుకోదు గనుక మనం ముట్టుకోవాలి. మెక్సికో అధ్యక్షుడు గెరెరో 1829 సెప్టెంబరులో బానిసత్వాన్ని రద్దు చేశాడు. వలసదారులు గోలపెట్టగా కొద్ది నెలల్లోనే టెక్సాస్‌కు మినహాయింపు దొరికింది. 1830 ఏప్రిల్ చట్టం కొత్త బానిసలను తేకూడదంది. అప్పుడు వలసదారులు కనిపెట్టిన ఉపాయం మన పల్లెల్లో ఎవరికి చెప్పినా ఇట్టే అర్థమవుతుంది: సరిహద్దు దాటే ముందు బానిస చేత తొంభై తొమ్మిదేళ్ళ కూలి ఒప్పందం రాయించుకున్నారు. ఇతను మాకు ఇంత బాకీ, ఆ బాకీ తీరేదాకా మా దగ్గర పనిచేస్తాడు అని. తిండికీ బట్టకీ అయిన ఖర్చు మళ్ళీ ఆ బాకీలోనే పడుతుంది. ఇక తీరేదెప్పుడు? పిల్లలు పుడితే వాళ్ళూ ఆ కాగితం కిందికే వస్తారు. తెలంగాణలో భగేలా కాగితాలు చూసినవాళ్ళు దీన్ని అమెరికా వింత అనుకోరు. పత్తి పండించడానికి వచ్చినవాళ్ళకు బానిస లేకుండా పత్తి లేదు. వలసదారుల పెద్ద స్టీఫెన్ ఆస్టిన్, టెక్సాస్ బానిసల దేశం కాక తప్పదని 1833లోనే ఉత్తరంలో రాశాడు.

అలమో ముట్టడిలో ఉండగానే, మార్చి 2న, తిరుగుబాటుదారుల సభ స్వాతంత్ర్యం ప్రకటించింది. కోట పడిన పదకొండు రోజులకు, మార్చి 17న, రాజ్యాంగం ఆమోదించింది. అందులో ఏముందో చూడండి. బానిసలను విముక్తి చేసే అధికారం కాంగ్రెసుకు లేదు. వలస వచ్చేవాళ్ళు బానిసలను వెంట తెచ్చుకోకుండా చట్టం చేసే అధికారమూ లేదు. కాంగ్రెసు అనుమతి లేకుండా యజమాని కూడా తన బానిసను విడుదల చేయకూడదు. చేస్తే దేశం దాటించి పంపాలి. స్వేచ్ఛ పొందిన నల్లవాడు కాంగ్రెసు అనుమతి లేకుండా అక్కడ శాశ్వతంగా నివసించరాదు. అంటే జెత్రో ఏ రిపబ్లిక్ కోసం చచ్చాడో ఆ రిపబ్లిక్‌లో అతని విడుదల కాగితం చెల్లదు. స్వతంత్రుడుగా ఉండిపోతానన్న అతని మాట అక్కడ నేరం. తెర మీది ఆ ఒక్క కాగితం ఇంత పెద్ద రాజ్యాంగాన్ని కప్పేసింది. 1860 నాటికి టెక్సాస్‌లో బానిసలు 1,82,566 మంది, జనాభాలో సుమారు ముప్పై శాతం.

శాంతా అన్నాను విమోచకుడుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. 1824 నాటి సమాఖ్య రాజ్యాంగాన్ని తొక్కేసి, ఎదురు తిరిగిన జకాతెకాస్‌ను 1835లో నెత్తుటితో అణచినవాడు ఆయన. తరాల తరబడి టెక్సాస్‌లోనే ఉన్న మెక్సికన్లు కొందరు ఆయన మీద నిజమైన కోపంతోనే అలమోలో చేరారు. వారిలో గ్రెగోరియో ఎస్పార్సా లోపల చచ్చాడు. అతని అన్నదమ్ముడు మెక్సికో పక్షంలో ఉన్నాడు, అడిగి శవాన్ని తీసుకెళ్ళి పాతిపెట్టాడు. మిగతావారిని కుప్ప వేసి కాల్చారు. వలసదారుల ఫిర్యాదులన్నీ అబద్ధమని ఎవరూ అనలేరు. ఆ ఫిర్యాదుల కింద పత్తి చేను ఉందనీ, చేనులో ఎవరున్నారో సినిమా చూపలేదనీ మాత్రమే నేనంటున్నది.

1960 అన్న సంవత్సరాన్నీ గమనించాలి. ఆ ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్ల విద్యార్థులు తెల్లవాళ్ళకే పెట్టే ఫలహారశాలలో కూర్చుని లేవమన్నా లేవలేదు. అక్టోబరులో ఈ చిత్రం విడుదలైంది. నల్లవాడి స్వేచ్ఛాసంకల్పం అంటే యజమాని కోసం చావడమని అందులో చూపారు. జెత్రో వేషం వేసిన జెస్టర్ హెయిర్‌స్టన్ బానిసల మనవడు, బానిసల భక్తిగీతాలను బృందగానానికి కూర్చి బతికించిన సంగీతజ్ఞుడు. ఆయన్ను నేను తప్పుపట్టను. అప్పట్లో దొరికే వేషాలు అవే.

మరి నా కళ్ళెందుకు తడిశాయి? మన సినిమాల్లో దొరకు తగలాల్సిన తూటాను గుండెతో పట్టే పాలేరును చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూసి ఉంటాను! ఆ పాలేరుకు చప్పట్లు కొట్టీ కొట్టీ చేతులకు అలవాటయింది. మా తాత మా ఊరి దొర దగ్గర జీతగాడు. ఒక వానాకాలం రాత్రి పారిపోయాడు. రెండేళ్ళ తర్వాత ఊరికొస్తే, పోయేదాకా ఆయనకు 'ఉరికినోడు' అన్నదే పేరు. చిన్నతనంలో ఆ పేరు వింటే నాకు సిగ్గేసేది. చదువుకుని, పాఠాలు చెబుతూ, ఈ వయసుకొచ్చి కూడా నేను జెత్రో కోసం ఏడ్చాను. ఉరికినవాడి కథ ఏమిటని మా తాతను ఒక్కసారీ అడగలేదు.

అలమోలోనూ ఉరికినవాడొకడు ఉన్నాడు. కోట అధిపతి ట్రావిస్‌కు జో అనే బానిస ఉండేవాడు, ఇరవై దాటిన కుర్రవాడు. దాడి మొదలైన కాసేపటికే ఉత్తరపు గోడ మీద ట్రావిస్ కూలాడు. జో ఒక గదిలో దాక్కుని కాల్చాడు. నల్లవాళ్ళుంటే బయటికి రమ్మని మెక్సికో సైనికులు పిలిస్తే వచ్చాడు. తూటా దెబ్బా బాయ్‌నెట్ పోటూ తిన్నాడు. ఒక మెక్సికో కెప్టెన్ అడ్డుపడితే బతికాడు. మార్చి 20న టెక్సాస్ మంత్రివర్గం అతన్ని పిలిపించి కోటలో జరిగిందంతా చెప్పించుకుంది. అతని మాటలోని నిజాయితీనీ స్పష్టతనూ విన్నవాడొకడు తన డైరీలో మెచ్చుకున్నాడు కూడా. ట్రావిస్ ఎలా చచ్చాడో లోకానికి తెలిసింది ప్రధానంగా ఈ సాక్ష్యం వల్లనే. సాక్ష్యం చెప్పించుకుని, ట్రావిస్ ఆస్తిలో భాగం గనుక అతన్ని ఆ ఆస్తికే తిరిగి అప్పగించారు.

2004లో వచ్చిన మరో 'అలమో' చిత్రంలో జో, శామ్ తమ పేర్లతోనే కనిపిస్తారు. ఈ గోడల మధ్య మనకేం పని అని మాట్లాడుకుంటారు కూడా. ఆ సినిమా ఆడలేదు. అదీ కోట పడడం, తర్వాత శాన్ జసింటో గెలుపు, అంతవరకే. జో అసలు కథ ఆ తర్వాతిది.

1837 ఏప్రిల్ 21. శాన్ జసింటో విజయానికి మొదటి వార్షికోత్సవం. ఆ రోజున జో, పేరు తెలియని ఒక మెక్సికన్‌తో కలిసి, జీను కట్టిన రెండు గుర్రాలు తీసుకుని పారిపోయాడు. పట్టిచ్చినవారికి యాభై డాలర్లు ఇస్తామని ట్రావిస్ ఆస్తి చూస్తున్నవాళ్ళు 'టెలిగ్రాఫ్ అండ్ టెక్సాస్ రిజిస్టర్' పత్రికలో మే 26న ప్రకటన వేశారు. మూడు నెలలు వేస్తూనే ఉన్నారు. ఆగస్టు 26న ఆపేశారు.