రెండో ఆటకు పిలుపు

2025 జూన్ 3, మంగళవారం. రాత్రి పదకొండు దాటింది. గద్వాల బస్టాండు రోడ్డులో షట్టర్లు దించేశారు. నువ్వు పనిచేసే మొబైల్ షాపు మెట్ల మీద ఇద్దరు దోస్తులతో కూర్చున్నావు. అహ్మదాబాద్‌లో ఐపీఎల్ ఫైనల్ ఆఖరి ఓవర్. బెంగళూరు 190 కొట్టింది. పంజాబ్‌కు ఆరు బంతుల్లో 29 కావాలి. బంతి హేజిల్‌వుడ్ చేతిలో ఉంది, బ్యాటు శశాంక్ సింగ్ చేతిలో ఉంది, నీ డబ్బు పంజాబ్ మీద ఉంది.

మొదటి బంతికి పరుగు లేదు. రెండో బంతికీ లేదు.

ఇక్కడ ఆగి లెక్క చూడు. మిగిలింది నాలుగు బంతులు. నాలుగూ సిక్సులే అయినా 24. వైడో నోబాలో పడితే తప్ప ఆట అక్కడే అయిపోయింది, నీ పందెమూ అక్కడే పోయింది. కానీ ఆ లెక్క నీకు తట్టదు. మూడో బంతి సిక్సు. నాలుగోది ఫోరు. ఐదోది, ఆరోది మళ్లీ సిక్సులు. రెండో బంతికి చల్లబడిన ఒళ్లు ఆరో బంతికి వేడెక్కింది, మెట్ల మీంచి లేచి నిలబడ్డావు. స్కోరు 184. తేడా ఆరు.

"ఒక్క సిక్సు రా! ఒక్కటే తక్కువ పడె!" అంటాడు పక్కనున్నోడు. ఇంకొకడు తల పట్టుకుని కూర్చున్నాడు.

ఈ మాటే నిన్ను ముంచుతుంది. ఓడినవాడికి ఓడినట్టు కాక, గెలుపు అంచుదాకా పోయి వచ్చినట్టు అనిపిస్తుంది. 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కొందరికి జూదం ఆడిస్తూ మెదడు స్కాన్‌లు తీశారు. కొద్దిలో తప్పిన ఆటకు డబ్బేమీ రాకపోయినా, గెలిచినప్పుడు మెదడులో ఏ భాగాలు ఉత్సాహపడతాయో అవే కదిలాయి. పైగా మళ్లీ ఆడాలన్న కోరిక పెరిగింది. శశాంక్ కొట్టిన ఆ నాలుగు దెబ్బలు మ్యాచ్‌ను మార్చలేదు. నిన్ను మాత్రం ఇంకో పందేనికి సిద్ధం చేసి పెట్టాయి.

ఆ సంగతి బుకీకి బాగా తెలుసు. అందుకే నువ్వు ఇల్లు చేరకముందే ఫోన్ మోగుతుంది. 'టెన్షన్ వద్దు అన్నా. 11న లార్డ్స్‌లో టెస్ట్ ఫైనల్. ఆస్ట్రేలియా గ్యారంటీ. మొత్తం రికవరీ చేసుకుందాం. ఐడీలో బోనస్ వేసినా.'

చాప మీద పడుకుంటావు గానీ కునుకు రాదు. నిద్ర లేని తలలో అందరికీ మొలిచే ఉపాయమే నీకూ మొలుస్తుంది. ఈసారి రెట్టింపు వేస్తే? పోతే దానికి రెట్టింపు? ఎప్పుడో ఒకసారి గెలవకపోనా, గెలిస్తే అంతా వచ్చేస్తుంది కదా? సరే, వేసి చూడు. ఐదు వేలు పోయింది, పది వేశావు. అది పోతే ఇరవై, తర్వాత నలభై, తర్వాత ఎనభై. వరసగా ఐదు ఓడితే లక్షా యాభై ఐదు వేలు పోయినట్టు. ఆరోసారి లక్షా అరవై వేలు పెట్టాలి, అదీ పోయినదంతా పోగా ఐదు వేలు మిగుల్చుకోవడానికి. వరసగా ఐదు ఎందుకు ఓడతానంటావా? ఈ సీజన్లో 74 మ్యాచ్‌లు. బొమ్మా బొరుసా అన్నంత సమానంగా మ్యాచ్‌కు ఒక పందెం చొప్పున వేసినా, ఎక్కడో ఒకచోట ఐదు ఓటములు వరసగా పడే అవకాశమే ఎక్కువ. పైగా పందెం సమానంగా ఉండదు. వెయ్యి వేస్తే బుకీ ఇచ్చేది తొమ్మిది వందలు. పందొమ్మిది పందేల్లో పది గెలిస్తే నీ చేతికి మిగిలేది సున్నా.

నడిగడ్డ పల్లెల్లో నీ చిన్నప్పుడు వీధినాటకాల్లో చూసే ఉంటావు. ధర్మరాజు మొదటి జూదంలో అన్నీ ఓడాడు. ద్రౌపదికి ఇచ్చిన వరాలతో ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగిచ్చి పంపాడు. ఇంద్రప్రస్థానికి దారి పట్టినవాణ్ని మళ్లీ పిలిచారు. మళ్లీ పోయి కూర్చున్నాడు. పన్నెండేళ్ల అడవీ, ఏడాది అజ్ఞాతమూ ఆ రెండో ఆటలో పోగొట్టుకున్నవే. మొదటి ఆట గురించే అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం ఎప్పుడూ ఆ రెండో పిలుపే భయం వేస్తుంది. నీ ఫోన్‌లో ఇప్పుడున్నది అదే.

రాత్రి రెండవుతుంది. సిగ్గు గొంతు దాకా వచ్చి కూర్చుంటుంది. నాయిన ముఖం గుర్తొస్తుంది. బతకడం దండగ అన్న ఆలోచన గనక ఒక్కసారి తొంగిచూసినా పొద్దునదాకా ఆగకు, 14416కు చెయ్యి. టెలీమానస్ అది, ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. పక్కన పడుకున్నవాణ్ని లేపినా తప్పు లేదు.

తెల్లారింది. నువ్వు షాపుకు పోవు. ఎర్రవల్లి మీదుగా వనపర్తికి పోయే బస్సెక్కుతావు. అక్కడ అక్కా బావా ఉన్నారు. ఎర్రవల్లి చౌరస్తా దాటి జాతీయ రహదారి ఎక్కినాక బీచుపల్లి వస్తుంది. వంతెన మీద బస్సు పోతుంటే కింద కృష్ణ. జనం కిటికీల్లోంచి ఆంజనేయస్వామికి దండం పెట్టుకుంటున్నారు. నీ ఫోన్‌లో బుకీ ఇంకో మెసేజ్. చదవకుండానే జేబులో పెట్టావు. పొద్దుటి నుంచీ నువ్వు చేసిన మొదటి మంచిపని అది.

పెబ్బేరు దాటి వనపర్తి చేరేసరికి తొమ్మిదిన్నర. బావ వేరుశనగ మార్కెట్లో కమీషన్ దుకాణం గుమాస్తా. సీజను అయిపోయింది కాబట్టి తీరిగ్గా ఉన్నాడు. నీ ముఖం చూసి చాయ్ చెప్పాడు. నువ్వు నేల చూస్తూ అసలు సంగతి చెప్పావు.

"ఎంత పోయింది?"

"ఇరవై వేలు బావా."

గుమాస్తా పని చేసేవాడు కదా, అంకెలో డొల్ల వెంటనే పట్టేస్తాడు. కోప్పడలేదు. "ఇంకా?" అన్నాడు.

నాయిన సీడ్ పత్తికి విత్తన కంపెనీ ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు తెచ్చాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ డబ్బు నీ ఖాతాలో ఉంది. అందులోంచి పోయింది ఇరవై కాదు, ముప్పై ఎనిమిది.

"ఇంకా?"

దోస్తు దగ్గర ఐదు.

"ఇంకా?"

లోన్ యాప్. ఎనిమిది వేలు కట్టాలి, చేతికొచ్చింది ఐదు చిల్లర. ఏడు రోజుల గడువు.

"ఇంకా?"

బుకీ దగ్గర ఉద్దెర పన్నెండు వేలు. నాలుగు సార్లు అడిగితే గానీ నోట్లోంచి మొత్తం రాలేదు. అరవై మూడు వేలు. చాయ్ చల్లారిపోయింది. బావ రంగు వెలిసిన చిట్టా పుస్తకం తీసి, కొత్త పేజీలో నాలుగు పద్దులూ రాశాడు. ఒక్కో అంకె నీ చేతనే చదివించాడు.

ఓడినవాళ్లు చేసే అసలు పొరపాటు ఇక్కడే ఉంటుందని నా నమ్మకం. సగం చెప్తారు. ఇంట్లోవాళ్లు తిట్టి, కొట్టి, ఆ సగం కట్టేస్తారు. దాచిన సగం లోపల కూర్చుని మళ్లీ పందెం వేయిస్తుంది. మొత్తం అంకె ఒక మనిషి చెవిన పడ్డాకే తేరుకోవడం మొదలవుతుంది.

తర్వాత బావ పద్దులను విడదీశాడు. బుకీ పన్నెండు వేలను పక్కకు పెట్టాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెం డబ్బు ఇప్పించమని ఏ కోర్టుకూ పోలేరు. బెదిరిస్తే అది వేరే నేరం, 100కు చెయ్యాలి. తెలంగాణలో 2017 సవరణ తర్వాత డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటమే నేరం కాబట్టి పోలీసు పేరెత్తితే నీకు భయమే. బుకీ ఆడుకునేది ఆ భయంతోనే. యాప్ సంగతి వేరు, అది రోజురోజుకూ పెరుగుతుంది, ముందు దాన్ని తీర్చాలి. దాని వెనక రిజర్వు బ్యాంకు కింద ఉన్న బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీయో ఉందా లేదా చూడాలి. ఎవరి పేరూ లేకుండా నీ కాంటాక్టులు లాక్కుని, బంధువులకు ఫోన్లు చేస్తామంటే 1930కి ఫిర్యాదు చెయ్యాలి. కాంటాక్టుల జోలికి పోవద్దని రిజర్వు బ్యాంకు 2022లోనే లోన్ యాప్‌లకు చెప్పింది.

"యాప్ ఎనిమిది వేలు నేనిస్త. మిగతాది నేను కట్ట," అన్నాడు బావ. అక్క లోపలి నుంచి వచ్చి, మెడలోది కుదువ పెడతానంది. బావ ఒప్పుకోలేదు. నువ్వు లోలోపల నొచ్చుకున్నావు. కానీ మొత్తం ఒకేసారి తీరిపోతే, చేతులు దులుపుకున్నంత తేలిగ్గా ఇంకో పందెం పడుతుందని మార్కెట్లో ఎంతమందినో చూసినవాడు బావ. నీ ఫోన్‌లోని పందెం ఐడీ యాప్‌నూ, దొంగ లొకేషన్ చూపించే ఇంకో యాప్‌నూ నీ చేతే తీసేయించాడు. ఖాతా అక్క ఫోన్‌కు మారింది. ఇకనుంచి నీకు రోజు ఖర్చుకు నోట్లే.

సాయంత్రం ముగ్గురూ కలిసి మల్దకల్ దగ్గరి మీ ఊరికి పోయారు. చేలో సాళ్లు తీసి ఉన్నాయి. ఆడ విత్తనాల సంచీ, మగ విత్తనాల సంచీ వసారాలో వేరువేరుగా పెట్టి ఉన్నాయి. నాయిన విన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. "విత్తనం పెట్టకముందే చెప్తివి," అన్నాడు ఆఖరికి. "కూలోళ్లకు ఏం చెప్పాలె?" అది తిట్టు కాదు, నిజంగానే అడిగాడు. జవాబు నువ్వే ఇచ్చావు. సెలవు రోజుల్లోనూ, మిగతా రోజుల్లో పొద్దున షాపుకు పోకముందూ ఇద్దరు కూలీల పని నువ్వు చేస్తానన్నావు.

మర్నాటి పత్రికల్లో బెంగళూరు విజయోత్సవంలో తొక్కిసలాట, పదకొండు మంది మృతి. ఒక బొమ్మ చూసి పత్రిక మడిచేశావు.

ఆ వారంలోనే అక్క నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. వనపర్తిలోనూ నాగర్‌కర్నూల్‌లోనూ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. వనపర్తిలో ఎవరైనా చూస్తారని నువ్వు మొరాయిస్తే బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ పోయారు. ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో ఓపీ చీటీ రాయించుకుని మానసిక వైద్యుడి గది ముందు బెంచీ మీద కూర్చుంటే, పక్కన ఓ పెద్దాయన "నిద్రకా?" అని అడిగాడు. ఊఁ అన్నావు. లోపల డాక్టరు అడిగినవి మామూలు ప్రశ్నలే. పోయింది రాబట్టుకోవాలని మళ్లీ ఆడతావా? ఎంత ఆడావో ఇంట్లో అబద్ధం చెప్పావా? ఆపాలనుకుని ఆపలేకపోయావా? మూడింటికీ తల ఊపావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో జూదం వ్యసనం ఉందనీ, దీనికి కౌన్సెలింగ్ ఉందనీ చెప్పాడు. కోరిక లేచినప్పుడు దాంతో కొట్లాడవద్దన్నాడు. అరగంట వాయిదా వెయ్యమన్నాడు. ఆ అరగంట చేతులకు పని ఉండాలి, ఫోన్ ఇంకొకరి దగ్గర ఉండాలి. రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నాడు.

జూన్ 11 వచ్చింది. లార్డ్స్‌లో ఆస్ట్రేలియా 212. రెండో రోజు దక్షిణాఫ్రికా 138కే కుప్పకూలింది. షాపులో అందరి నోటా ఒకటే మాట, ఆస్ట్రేలియా ఎత్తుకుపోయినట్టే అని. నీ అరచేతులు చెమట పట్టాయి. బుకీ 'గ్యారంటీ' అన్నది నిజమయ్యేట్టుంది. వేసి ఉంటే? ఓనరుకు ఫోన్ ఇచ్చేసి, రిపేరుకొచ్చిన పాత సెట్ల డబ్బా ముందేసుకుని స్క్రూలు విప్పడం మొదలుపెట్టావు. అరగంటలో కోరిక పూర్తిగా పోలేదు, కానీ దాని పట్టు కాస్త సడలింది. 14న మార్‌క్రమ్ 136 కొట్టాడు, దక్షిణాఫ్రికా ఐదు వికెట్లతో గెలిచింది. మెట్ల మీద తల పట్టుకున్న ఆ దోస్తు ఆస్ట్రేలియా మీద వేశాడని సాయంత్రానికి తెలిసింది. నీకు సంతోషం కలగలేదు. ఫోన్ చేశావు. ఎంత అని అడిగావు. చెప్పాడు. ఇంకా, అన్నావు.

ఆగస్టు 22న ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం పడింది. డబ్బు ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్లదాకా జైలు, కోటిదాకా జరిమానా. ఆడినవాణ్ని ఆ చట్టం శిక్షించదు. నీ దగ్గరి బుకీ నంబరు మారింది, బతికే ఉంది. ఆసియా కప్పు వస్తోందని కొత్త నంబరు నుంచి పలకరించాడు. అప్పటికి చేలో క్రాసింగ్ పనులు నడుస్తున్నాయి. సాయంత్రం మొగ్గల్లో మగ భాగం తీసెయ్యడం, పొద్దున్నే పుప్పొడి అంటించడం. తెల్లారుతూనే చేలో ఉంటున్నావు. నంబరు బ్లాక్ చేసి, ఆ నెల ఆరు వేలు బావ ముందు పెట్టావు. చిట్టాలో జూన్, జూలై, ఆగస్టు, మూడు జమలు. బాకీ యాభై ఒక్క వేలలో ముప్పై మూడు మిగిలింది. దోస్తు ఐదు వేలు వచ్చే నెలే ఇచ్చెయ్యమన్నాడు బావ. ఆర్గనైజరు వడ్డీ నడుస్తోంది, నాయినదే ముందు తీరుద్దామని నువ్వన్నావు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు.