సరకుల కొట్టునుండి సారథ్యమునకు

సిడ్నీ మహానగరమునకు పడమట, పరమట్టా చెంతనున్న హారిస్ పార్కులో, విగ్రం వీధి వెంబడి మునిమాపువేళ నడచువారిని దోసెపెనముల ఆవిరియు, పోపు ఘుమఘుమయు, నాలుగైదు భారతీయ భాషల కలకలమును ఒక్కుమ్మడి చుట్టుముట్టును. బరమట్టగల్ జనుల పూర్వభూమియైన యీ నేలలో 30 ఎకరములను, అనగా ఆ ఖండమున బ్రిటిషువా రొసగిన తొలి భూదానమును, శిక్షాకాలము ముగిసిన ఖైదీయగు జేమ్స్ రూస్ 1793లో 40 పౌనులకు శస్త్రవైద్యుడు జాన్ హారిస్‌కు విక్రయించెను. ఆ వైద్యుని పేరే నేటికిని ఈ పేటకు నిలిచియున్నది. నాటివారు మాసములకొలది ఓడలలో వచ్చిరి. నేటివార మందరమును గగనమార్గముననే వచ్చితిమి. కావుననే ఇచ్చటి పిచ్చాపాటిలో విమానముల ప్రసక్తి రాని పూట యుండదు.

రైల్వేస్టేషను కెదుటి బల్లపై సాయంకాలము కూర్చుండు వృద్ధుడొకరిని మేము మాస్టారుగారందుము. ఆంధ్రదేశమునుండి ఇథియోపియా విశ్వవిద్యాలయములకు బోధనకై వెళ్ళిన అనేకులలో ఆయన యొకరు; ఇప్పుడు కుమారునివద్ద ఈ పేటలో నివసించుచున్నారు. ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు రంగుల తోకగల ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానమును గూర్చి ఆయన చెప్పునపుడు ఆ కంఠమున, స్వగ్రామపు బడిని తలచుకొనువాని యాదరము వినబడును. ఆ సంస్థకు అధిపతిగా నుండిన తెవోల్దె గెబ్రెమరియం పేరును నేను తొలుత వినినది ఆయన నోటనే.

ఆ పురుషుని కథకు ముందు ఆ సంస్థ కథ తెలియవలెను. అయిదేండ్ల ఇటాలియను దురాక్రమణము 1941లో ముగిసిన పిమ్మట, తన దేశపు స్వాతంత్ర్యము ఆకాశమునగూడ కానరావలెనని సంకల్పించిన హైలే సెలాసీ చక్రవర్తి, అమెరికాకు చెందిన టీడబ్ల్యూఏ విమానసంస్థతో ఒడంబడిక చేసికొని, 1945 డిసెంబరు 21న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్‌ను స్థాపింపజేసెను. 1946 ఏప్రిల్ 8న తొలి విమానము అడిస్ అబాబానుండి అస్మరా మీదుగా కైరోకు ఎగసెను. పైలట్లును, మెకానిక్కులును, అధికారులును మొదట అమెరికనులే. కాని పరదేశీయులు పని చేయుచునే పని నేర్పవలెననునది ఆ యేర్పాటులోని ఆయువుపట్టు. 1957లో ఇథియోపియా జాతీయుడైన అలెమయెహు అబెబె కెప్టెన్ ఆసనము నధిష్ఠించెను. 1971లో కర్నల్ సెమ్రెట్ మెధానె సంస్థకు తొలి ఇథియోపియా జాతీయుడైన జనరల్ మేనేజరయ్యెను. పావు శతాబ్దము పట్టిన ఈ విద్యాభ్యాసమునే నేను ఆ సంస్థకు మూలధనముగ నెంచుచున్నాను. విమానములు అప్పుచేసి కొనవచ్చును, మనుష్యులను అట్లు కొనరాదు.

1974లో చక్రవర్తి పదచ్యుతుడై, సోవియట్ పక్షమునకు మొగ్గిన సైనికప్రభుత్వము గద్దెనెక్కినను, 1980లో అధిపతియైన కెప్టెన్ మొహమ్మద్ అహ్మద్ సంస్థను వ్యాపారధర్మముననే నడిపి, అమెరికాలో నిర్మితములైన బోయింగు విమానములను కొనెను. 1984 జూన్ 1న వారి క్రొత్త బోయింగు 767, వాషింగ్టన్‌నుండి అడిస్ అబాబాకు పండ్రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరమును నడుమ నెచ్చటను దిగక దాటెను. దేశమున దారుణక్షామము నెలకొన్న సంవత్సరమది.

ఆ 1984లోనే తెవోల్దె సరకుల విభాగమున సామాన్యోద్యోగిగ చేరెను. మూటలు తూచుట, కాగితములు వ్రాయుట, ఏ సరుకు ఏ విమానమున ఎక్కవలెనో చూచుట ఆ విభాగపు పని. అర్థశాస్త్రమున పట్టభద్రుడై, సౌదీ అరేబియాలోను న్యూయార్కులోను సంస్థ కార్యాలయములను నిర్వహించి, 1965లో చేరి తనవలెనే మెట్టుమెట్టుగ నెదిగిన గిర్మా వాకె ఆధిపత్యమున మెలకువలు గ్రహించి, 2011 ఆరంభమున తానే అధిపతి యయ్యెను. ఆయన పగ్గములు పట్టునప్పటికి 33గా నుండిన విమానములు, విడుచునప్పటికి 130 అయినవి. సాలీనా రాబడి నూరు కోట్ల డాలర్లనుండి 450 కోట్లకు పెరిగినది. 2012లో ఆఫ్రికాఖండమున మొట్టమొదటి డ్రీమ్‌లైనర్ విమానము వారి యింటనే దిగినది.

కాని ఆయనను గూర్చి తలచినపుడు నా మనస్సున మెదలునది ఈ లెక్కలు కావు. 2019 మార్చి 10వ తేదీ ఉదయము, నైరోబీకి బయలుదేరిన బోయింగు 737 మాక్స్ ఆరు నిమిషములకే బిషోఫ్తు సమీపమున నేలగూలి, 157 మంది ప్రాణములు గాలిలో కలిసెను. మృతులలో ఒక తెలుగు యువతియు కలదు. త్రవ్వినట్లు గోతియైన ఆ పొలములో, చెల్లాచెదరైన శకలముల నడుమ, సూటు ధరించి ఒంటిగ నిలిచిన తెవోల్దె ఛాయాచిత్రమును లోకమంతయు చూచినది. అంతకు సుమారు నాలుగున్నర మాసముల ముందే ఇండోనేషియాలో అదే నమూనా విమానము కూలి 189 మంది మరణించియుండిరి. పేదదేశపు పైలట్లదే తప్పని గుసగుసలు బయలుదేరినప్పుడు, తన చాలకులు నిర్ణీతవిధానమునే పాటించిరని ఆయన నిశ్చలముగ నిలిచెను. బ్లాక్ బాక్సులను పరీక్షకై ఫ్రాన్సుకు పంపిరి. ఏప్రిల్‌లో వెలువడిన ప్రాథమిక నివేదిక ఆయన మాటనే బలపరచెను. ఆ నమూనా విమానములు అప్పటికే లోకమంతట నేలపై నిలిచిపోయియుండెను; విమానముక్కును తనంతట క్రిందికి వంచు యంత్రవ్యవస్థయొక్క దోషము బయటపడెను. తన యింట పెరిగిన పిల్లల విద్య యెట్టిదో ఎఱిగిన పెద్దకే ఆ గడియలో అట్టి ధైర్యము సాధ్యమని నా నమ్మకము.

మరుసటి యేట మహమ్మారి ప్రబలి ప్రయాణికులు కరవైనప్పుడు, విమానములలోని సీట్లు ఊడదీయించి సరుకులు నింపించెను. యౌవనమున నేర్చిన విద్యయే ఆపత్కాలమున సంస్థను నిలిపినది. 2022 మార్చిలో అనారోగ్యకారణమున పదవి విడిచెను. తరువాత వచ్చిన మెస్ఫిన్ తాసెవ్ కూడ ఆ గూటి పక్షియే.

2025 జూన్‌లో అడిస్ అబాబానుండి హైదరాబాదుకు ఆ సంస్థ విమానము మొదలైనదను వార్తను మాస్టారుగారికి నేనే చదివి వినిపించితిని. ఆయన కొంతసేపు విగ్రం వీధి దీపములవంక చూచుచుండి, "మా రోజులలో ఆవకాయ జాడీ రైలులో బొంబాయి చేరి, అక్కడ విమానమెక్కెడిది నాయనా! ఇప్పుడు శంషాబాదులో ఎక్కి నేరుగ అడిస్ అబాబా బోలే విమానాశ్రయములోనే దిగును గదా!" అనిరి.