టికియాపారా మీదుగా

తెలుగుదేశమునుండి కలకత్తాకు పోవు రైలు హుగ్లీ ఒడ్డున హౌరా చేరుటకు ముందు దాటు కట్టకడపటి స్టేషను టికియాపారా. రైలుపెట్టెలను శుభ్రపరచు డిపో గల ఆ పేటను చూడవలెనని ఎవరును బయలుదేరరు. అయినను తెలుగు విద్యార్థుల వంగదేశ యాత్రకు ఈ పట్టాలే దారి చూపినవి.

1830లో మద్రాసునుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, తిరుగుదారిలో కలకత్తా చూచి, ఇల్లు చేరుటకు పదునైదు నెలలకు పైగా పట్టినది. బోయీలు, పరివారము గల సుప్రీంకోర్టు ఉద్యోగికి అది చెల్లినది. చదువుకొను పిల్లవానికి చెల్లునా? 1900లో బెంగాల్ నాగపూర్ రైలుమార్గము రూపనారాయణ నదిని దాటి హౌరాను అందుకొన్నది. నెలల దూరము రోజులకు తగ్గినది.

కాని దారి ఉన్నంతమాత్రమున యువకుడు కదలడు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రమున ఉపన్యసించినప్పుడు రాజమహేంద్రవర విద్యార్థులు వందేమాతర నినాదమెత్తిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాలనుండి బహిష్కృతుడయ్యెను. వంగదేశము వారికి అప్పుడు భూగోళపాఠములోని పేరుగా మిగిలియుండలేదు. రాయప్రోలు సుబ్బారావు శాంతినికేతనమునకు పోయెను. 1920లలో బెజవాడ గోపాలరెడ్డి అక్కడనే చదివెను. ఆయన పట్టముతోపాటు వంగభాషను కూడ తెచ్చుకొనెను. రవీంద్రుని రచనలు పెక్కింటిని తెలుగు చేసెను. వేడుక చూచి వచ్చినవానికి ఈ ఫలము దక్కదు.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. వంగ చిత్రకారుడు ప్రమోదకుమార చటోపాధ్యాయ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు వచ్చి బోధించెను. అడివి బాపిరాజు ఆ చిత్రకళను బందరులోనే, ఆయనయొద్దనే అభ్యసించెను.