హాలీ సిక్కా, అమెరికా డాలరు

ఉప్పల్ ప్రాంతమునుండి నాచారము, మల్లాపురముల మీదుగా చర్లపల్లికి పోవు మార్గమున, కర్మాగారముల నడుమ, భారత ప్రభుత్వ టంకశాల యొకటి కలదు. 1997లో ఇచ్చట వెలసిన ఈ టంకశాలకు సైఫాబాదు పూర్వనివాసము; అంతకుముందు పాతబస్తీలోని సుల్తాన్‌షాహీ దాని స్థానము. నేడు బజారులో చెల్లు నాణెములలో వెండి లేదు గాని, ఈ టంకశాల పూర్వచరిత్రలో రజతయుగము గడచినది. ఆ యుగపు రూపాయికిని అమెరికా దేశపు వెండి డాలరునకును గల చుట్టరికము తెలిసినకొలది నాకు ఆశ్చర్యమే కలుగుచున్నది.

1857 సంవత్సరపు తిరుగుబాటు అణగువరకు హైదరాబాదు నాణెములపై ఢిల్లీ పాదుషాల పేరే చెల్లెను. పిదప నిజాముల ఆసఫ్‌జా బిరుదమును, ముహమ్మదు ప్రవక్త నామమందలి అరబ్బీ అక్షరముల సంఖ్యావిలువల మొత్తమైన 92 అను అంకెయు దానికి బదులుగా నిలిచినవి. 1903లో టంకశాల సైఫాబాదునకు తరలిన కాలముననే, నిజాము మహబూబ్ అలీ ఖాను ఏలుబడిలో, చార్మినారు చిత్రముగల రూపాయి యంత్రముపై అచ్చువడి వెలువడెను. కట్టడపు నడిమి ద్వారమున ఆ నవాబు పేరిటి ‘మీమ్’ అను అక్షరము కనబడును. 1911లో ఉస్మాన్ అలీ ఖాను గద్దె నెక్కగా ఆ చోటికి ‘ఐన్’ వచ్చెను. అయితే హిజ్రీ 1329, 1330 సంవత్సరముల కొన్ని రూపాయలపై ఆ అక్షరము శిరోభాగము మాత్రమే ముద్రితమైనది. ఈ అర్ధ ఐన్ కొరకు సేకర్తలు భూతద్దము పట్టి ఒక్కొక్క ద్వారమును పరికింతురు.

హాలీ సిక్కా యనబడు ఈ హైదరాబాదు రూపాయి తూకము 11 గ్రాములకు కొంచెము పైన; అందు వెండి నూటికి 81.8 పాళ్లు. కల్దారని ఇచ్చటివారు పిలిచిన బ్రిటిషు రూపాయి 11.66 గ్రాములు తూగి, నూటికి 91.7 పాళ్ల వెండి కలదై యుండెను. కావుననే ఆరు కల్దారులకు సుమారు ఏడు హాలీలు మారకమయ్యెడివి.

అమెరికాలో జార్జి మోర్గన్ చెక్కిన స్వేచ్ఛాదేవి ముఖముతో 1878 నుండి వెలువడిన డాలరు దాదాపు 26.73 గ్రాములు తూగును. అందు పదింట తొమ్మిది పాళ్లు వెండి. వెండిని ప్రభుత్వము తప్పక కొనవలెనని శాసనమైనందున, వ్యవహారమునకు అక్కరలేని డాలర్లు సైతము కోట్లకొలది అచ్చువడి, ఖజానాలో సంచులలో నిలువయుండెను. ప్రథమ ప్రపంచయుద్ధకాలమున భారతదేశమున వెండికి కరవు వచ్చి, బొంబాయిలో నోట్లు చేతబట్టి జనులు రూపాయలకై ఎగబడిన 1918లోనే, ఏప్రిల్ 23న, పిట్మన్ శాసనము జారీయై ఇరువదియేడు కోట్ల డాలర్లను మూసలపాలు చేసెను. ఆ వెండిలో అత్యధికభాగము భారతదేశముకొరకే బ్రిటనునకు అమ్ముడై, సముద్రములు దాటి, రూపాయలుగా మరల జన్మించెను. ఆ యేడే హైదరాబాదు సంస్థానమును కాగితపు నోట్లకు శాసనము చేసికొనెను. కరగిన డాలర్లు ఏ సంవత్సరమువో, ఏ టంకశాలవో ఎవ్వరును వ్రాసి యుంచలేదు. అందువలన ఎన్ని అచ్చువేసిరో చెప్పు పాతలెక్కలు చూచి యొక డాలరు అరుదా కాదా యని తేల్చుట నేటికిని పొసగదు. ఈ డాలర్లకై అమెరికా సేకర్తలు పడు ఉబలాటమునకు ఇది పెద్ద కారణమని నా నిశ్చయము.

మన హాలీ సిక్కాకును మూసయే శత్రువైనది. భారత రూపాయి వచ్చిన పిదప కొంతకాలము రెండును ప్రక్కప్రక్కనే చెల్లి, 1959లో హాలీ చలామణి ముగిసినది. అటుపిమ్మట పెట్టెలలోని రూపాయలు అనేకము కంసాలి ఇంటికి పోయి కడియములు, పట్టీలుగా మారినవి. మిగిలిన వానిలో కొన్నింటి అంచున కొక్కెము అతికిన మచ్చ యుండును. మెడలోని దండకు గ్రుచ్చబడి బ్రతికినవి అవి. సేకర్తలు వానికి తక్కువ వెల కట్టుదురు గాని, నేను వానినే ఎక్కువ ప్రేమతో చూతును; ఏలయన, ధరించినవారి మమకారమే వానిని మూసకు దక్కకుండ కాపాడినది. చింతపండు పులుసుతో తోమి తళతళలాడించిన రూపాయిని మాత్రము క్షమింపజాలను. దశాబ్దములు గాలి తగిలి వెండిపై కమ్ముకొను నీలిధూమ్రవర్ణమును, మీనారుల సన్నని గీతలను ఆ తోముడు ఒక్కపూటలో హరించును. 2022లో సైఫాబాదు పాత టంకశాలలోనే నాణెముల ప్రదర్శనశాల తెరచిరి కనుక, మీమ్, ఐన్ అక్షరముల భేదము నేర్వగోరువారు మొదట అచ్చటికి పోయి, కన్ను అలవడిన పిదపనే కొనుగోలునకు దిగుట మేలు.